రాగి జడ

కరీంనగర్ పట్నం వెండి తీగపనికి పేరు పొందింది. అక్కడి పనివాళ్ళు వెండిని కరిగించి కడ్డీగా పోస్తారు. చిల్లులున్న ఉక్కు పలకలోనుంచి ఆ కడ్డీని మళ్ళీ మళ్ళీ లాగుతారు. ఒక్కొక్క చిల్లూ దాని ముందటి చిల్లుకన్న చిన్నది. చివరకు కడ్డీ కాస్తా వెంట్రుకలాంటి తీగ అయిపోతుంది. అటువంటి తీగలను రెండేసి కలిపి మెలిపెట్టి, చుట్టలు చుట్టి, పువ్వులుగానూ లతలుగానూ అమర్చి అత్తరుదానులూ, కుంకుమభరిణెలూ, పాన్‌దానులూ చేస్తారు. ఈ పనితనానికి 2007లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అదే పట్నంలో ఇంకొక తీగ అల్లిక ఉన్నది. దాన్ని ఎవరూ అద్దాల బీరువాలో పెట్టరు. అది వెండిది కాదు, రాగిది. సన్నని రాగి తీగలను వందలకొద్దీ తీసుకుని, జడలాగా బల్లపరుపుగా అల్లి, రెండు కొసలకూ కన్నమున్న బిళ్ళలు తొడుగుతారు. బస్సుల్లో, లారీల్లో, కార్లలో ఇంజను పక్కన అది నూనెమురికి పట్టి వేలాడుతూ ఉంటుంది. ఒక కొస ఇంజనుకూ, రెండో కొస బండి చట్రానికీ బోల్టుతో బిగించి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని ఎర్తు పట్టీ అంటారు.

ఈ రాగి జడ బండిని లాగదు, చక్రాన్ని తిప్పదు, బరువు మొయ్యదు. అలాంటప్పుడు అది ఎందుకు? కరీంనగర్ నుంచి ఆదిలాబాదు దాకా ప్రయాణం చేస్తే ఈ ప్రశ్నకు ఒకటి కాదు, మూడు జవాబులు దొరుకుతాయి. రండి, పోదాం.

బస్సు బయలుదేరేముందు దాని ముందు దీపాలు చూడండి. మన ఇంట్లో బల్బుకు రెండు తీగలు ఉంటాయి. ఒక తీగలో వచ్చిన విద్యుత్తు రెండో తీగలో తిరిగిపోతుంది. వచ్చే దారితోపాటు పోయే దారి కూడా ఉంటేనే విద్యుత్తు ప్రవహిస్తుంది. చాలా మోటారు బండ్లలో మాత్రం బ్యాటరీనుంచి దీపానికి ఒక్క తీగే వస్తుంది. మరి రెండో తీగ ఏది?

రెండో తీగ బండే! బ్యాటరీకి రెండు కొనలు ఉంటాయి కదా. వాటిలో ఒకదాన్ని, ఈ రోజుల్లో ఋణకొనను, బండి చట్రానికి కలిపేస్తారు. చట్రమంతా ఇనుము. ఇనుములో విద్యుత్తు పారుతుంది. దీపంలోనుంచి వచ్చిన విద్యుత్తు చట్రం వెంటనే బ్యాటరీకి చేరుకుంటుంది. ఈ ఏర్పాటువల్ల ఎంతో తీగ మిగిలిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. బండి ఒకే ఇనప ముద్దలాగా కనిపిస్తుంది కాని, నిజానికి అది ఒక్కటి కాదు. ఇంజను అదురుడు మన ఒంటికి తగలకుండా ఇంజనును రబ్బరు దిమ్మెలమీద కూర్చోబెడతారు. రబ్బరులో విద్యుత్తు పారదు. తలుపులూ బానెట్టూ మడతబందులమీద తిరుగుతాయి. ఆ బందుల్లో గ్రీజు ఉంటుంది. రేకులమీద రంగు ఉంటుంది. గ్రీజూ రంగూ కూడా విద్యుత్తుకు అడ్డమే. కాబట్టి ఇంజను ఒక దీవి. బానెట్టు మరొక దీవి. చట్రం ఇంకొక దీవి. దీవికీ దీవికీ మధ్య వంతెన కావాలి. ఆ వంతెనే రాగి జడ.

ఈ వంతెన తెగితే ఏమవుతుంది? ఒక మెకానిక్కు దగ్గరికి బడిపిల్లవాడొకడు వెళ్ళి అడిగాడనుకోండి. వాళ్ళ మాటలు ఇలా ఉంటాయి.

"అన్నా, ఈ లారీకి దీపాలు మంచిగనే వెలుగుతున్నయి. మరి సెల్ఫ్ ఎందుకు అందుకుంటలేదు?"

"దీపాలకు కొంచెం కరెంటు చాలు తమ్మీ. సెల్ఫ్ మోటారు ఇంజను మీద కూసుంటది. ఇంజను దిక్కు నుంచి కరెంటు మళ్ళా బ్యాటరీకి పోవాలె. ఎర్తు పట్టీ తుప్పు పట్టింది, ఇగ ఎట్ల పోతది?"

"పట్టీయే చెడిపోయిందని ఎట్ల తెలుస్తది అన్నా?"

"చూడు, ఈ లావు వైరుతోని బ్యాటరీ మైనస్‌ను ఇంజనుకు సీదా కలుపుతున్న. ఇప్పుడు సెల్ఫ్ కొట్టు... అందుకున్నదా? అయితే బ్యాటరీ మంచిదే, మోటారు మంచిదే. తప్పంతా పట్టీదే."

మెకానిక్కు చెప్పినదాన్ని మనం లెక్కగా చూద్దాం. 24 వోల్టుల బ్యాటరీ ఉన్న బస్సులో ఒక ముందు దీపం సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇంజనును మొదట తిప్పే సెల్ఫ్ మోటారుకో, కొన్ని వందల ఆంపియర్లు కావాలి. ఆ ప్రవాహం ఉండేది కొద్ది క్షణాలే. అయినా అది వరద. కాలిబాట వంతెనమీద ఒక మనిషి నడవగలడు గాని, జాతర జనమంతా ఒకేసారి దాటలేరు కదా. తుప్పు పట్టిన పట్టీ సంగతి కూడా అంతే.

అసలు ప్రమాదం ఇంకొకటి ఉన్నది. రాగి జడ తెగిపోయినప్పుడు విద్యుత్తు ఊరికే ఉండదు. ఇంజనుకూ చట్రానికీ మధ్య ఇనుముతో చేసినది ఇంకేదైనా ఉంటే దానిలో దూరుతుంది. యాక్సిలరేటరుకో గేరుకో పోయే సన్నని ఉక్కు తీగ దొరికిందా, ఆ వరదంతా అందులోనే పడుతుంది. సన్నని తీగ అంత ప్రవాహాన్ని మొయ్యలేక ఎర్రగా కాలుతుంది. దాని పైతొడుగు కరిగిపోతుంది. దగ్గరలో నూనెమురికి ఉంటే నిప్పు అంటుకోనూవచ్చు. మంచి దారి మూసేస్తే విద్యుత్తు చెడ్డ దారి వెతుక్కుంటుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ప్రయాణం పొడుగునా దీనితో పని పడుతుంది.

జడగానే ఎందుకు అల్లాలి, ఒక లావు రాగి కడ్డీ పెడితే చాలదా అని మీరు అడగవచ్చు. చాలదు. ఇంజను నిమిషానికి ఎన్నో వందలసార్లు అదురుతుంది. కడ్డీ అయితే ఒకే చోట మళ్ళీ మళ్ళీ వంగి పుటుక్కున విరుగుతుంది. సన్నని తీగల జడ ఎటు లాగితే అటు వంగుతుంది. నాలుగు తీగలు తెగినా మిగతావి పని చేస్తాయి. కరీంనగర్ పనివాడు వెండిని సన్నగా తీసేది అందంకోసం. ఇక్కడ రాగిని సన్నగా తీసేది వంగటంకోసం.

మరి బానెట్టులో సెల్ఫ్ మోటారు లేదు కదా, దానికి జడ ఎందుకు? పెట్రోలు ఇంజనులో ప్లగ్గులు క్షణక్షణమూ నిప్పురవ్వలు పుట్టిస్తాయి. ప్రతి రవ్వనుంచీ రేడియో తరంగాలు బయలుదేరుతాయి. బండిలో రేడియో పెడితే, ఇంజను వేగం పెరిగినకొద్దీ బరబరమనే చప్పుడు కూడా పెరుగుతుంది. బానెట్టు చట్రానికి అతుక్కోకుండా విడిగా ఉంటే ఆ తరంగాలకు అది ఆకాశతంత్రిలాగా పనిచేస్తుంది. జడతో చట్రానికి కలిపితే అదే బానెట్టు ఇంజనుమీద మూతలాగా ఉండి తరంగాలను బయటికి పోనివ్వదు. పోలీసు బండ్లలో వైర్‌లెస్ మాట స్పష్టంగా వినబడాలంటే ఇటువంటి జాగ్రత్తలు తప్పవు.

ఇక బయలుదేరుదాం. సుల్తానాబాదూ పెద్దపల్లీ దాటి రాజీవ్ రహదారి రామగుండంవైపు పోతుంది. ఒకప్పుడు ఇదంతా కరీంనగర్ జిల్లాయే. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. రామగుండం ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో ఉన్నది. దూరంనుంచే ఆకాశంలోకి లేచిన పొగగొట్టాలు కనిపిస్తాయి. అది ఎన్.టి.పి.సి. వారి విద్యుత్కేంద్రం. దీనికి 1978లో పునాదిరాయి వేశారు. 1983లో మొదటి యూనిట్ పనిచేయటం మొదలుపెట్టింది. తరువాత కట్టినవాటితో కలిసి 7 యూనిట్ల సామర్థ్యం 2600 మెగావాట్లయింది. సింగరేణి బొగ్గూ, గోదావరి నీళ్ళూ పక్కపక్కనే దొరకటంవల్ల ఇంత పెద్ద కేంద్రం ఇక్కడ వెలిసింది. దాని జలాశయంమీద తేలే సౌర పలకలు కూడా ఉన్నాయి. 100 మెగావాట్ల ఆ కేంద్రం 2022లో పూర్తి అయింది.

రామగుండం రైలు స్టేషనులో ఒక్క నిమిషం ఆగుదాం. కాజీపేటనుంచి బల్లార్షా పోయే ఈ లైను 1929లో పూర్తి అయింది. దానితో ఢిల్లీకీ మద్రాసుకూ మధ్య నేరుగా దారి ఏర్పడింది. ఇప్పుడు ఈ లైనుమీద విద్యుత్ ఇంజనులు నడుస్తాయి. పట్టాలకు పైన కనిపించే తీగలో ఉన్నది 25,000 వోల్టులు!

ఇంజను నెత్తిమీది చెయ్యి ఆ తీగను తాకుతూ పోతుంది. తీగలోని విద్యుత్తు ఇంజనులోకి దిగి, ట్రాన్స్‌ఫార్మరులో తన పని చేసి, తిరిగిపోవాలి. ఎటు పోవాలి? బస్సులో చట్రం రెండో తీగ అయినట్టే, ఇక్కడ రైలుపట్టా రెండో తీగ. విద్యుత్తు చక్రాలగుండా పట్టాలోకి దిగి సబ్‌స్టేషనుకు తిరిగి చేరుకుంటుంది.

6000 అశ్వశక్తి గల ఇంజను పూర్తి బలంతో లాగేటప్పుడు ఈ దారిలో పోయేది సుమారు 200 ఆంపియర్లు. ఒక బస్సు సెల్ఫ్ మోటారు కూడా అంత లాగగలదు! ఇదేమి విచిత్రం అనుకోకండి. ఆంపియర్లను వోల్టులతో హెచ్చవేస్తేనే బలం ఎంతో తెలుస్తుంది. 24ను 200తో హెచ్చవేస్తే 4800 వాట్లు. 25,000ను 200తో హెచ్చవేస్తే 50 లక్షల వాట్లు. మొదటిది బస్సు ఇంజనును ఒక చుట్టు తిప్పటానికి చాలు; రెండవది బొగ్గు రైలును లాగుతుంది.

రైలు ఇంజను కూడా దీవుల సమూహమే. పైపెట్టె స్ప్రింగులమీదా రబ్బరు దిమ్మెలమీదా కూర్చుంటుంది. ఆ స్ప్రింగుల కింద చక్రాలను పట్టి ఉంచే చట్రం ఉంటుంది. చట్రంలో ఇరుసు తిరుగుతుంది. ఇరుసు నున్నగా తిరగటానికి బేరింగులున్నాయి. బేరింగులో ఉక్కు గోళీలో కడ్డీలో గ్రీజులో దొర్లుతూ ఉంటాయి. విద్యుత్తు పట్టాకు పోవటానికి ఈ బేరింగులోనుంచి దూరిందంటే ప్రమాదమే. గ్రీజు పొరను చీల్చుకుని చిన్న చిన్న రవ్వలు లేస్తాయి. ఒక్కొక్క రవ్వా నున్నని ఉక్కుమీద కంటికి కనపడని గుంట చేస్తుంది. లక్షల గుంటలు పడ్డాక బేరింగు గరగరలాడుతుంది, వేడెక్కుతుంది, చివరకు పట్టేస్తుంది. పరుగెత్తే రైలుకు ఇరుసు పట్టేయటంకన్న గండం ఇంకేమున్నది?

అందుకని ఇంజనీర్లు మంచి దారి వేసిపెట్టారు. పెట్టెనుంచి చక్రాల చట్రానికి రాగి జడలు కడతారు. తిరిగే ఇరుసుకు జడ కట్టటానికి వీల్లేదు. కడితే అది దారంలాగా చుట్టుకుపోతుంది. అందుచేత ఇరుసు కొసకు కార్బన్ బ్రష్షు ఆనించి పెడతారు. ఇరుసు తిరుగుతున్నా బ్రష్షు దాన్ని తాకుతూనే ఉంటుంది. విద్యుత్తు జడ వెంట వచ్చి, బ్రష్షు దాటి, ఇరుసులోకీ చక్రంలోకీ పట్టాలోకీ పోతుంది. బేరింగు జోలికి పోదు. స్టేషనులో ప్లాట్‌ఫారంమీద నిలబడి రైలుపెట్టెల కిందికి చూస్తే కొన్ని చోట్ల ఈ జడలు కనిపిస్తాయి. దూరంనుంచే చూడండి. ఆగి ఉన్న పెట్టెమీదికి మాత్రం ఎన్నడూ ఎక్కరాదు. 25,000 వోల్టుల తీగను ముట్టుకోనక్కర్లేదు. దగ్గరికి పోతేనే విద్యుత్తు గాలిలోనుంచి దూకుతుంది.

ఇదీ మొదటి జవాబు: రాగి జడ విద్యుత్తుకు తిరుగుదారి.

రామగుండం పక్కనే గోదావరిఖని. ఊరి పేరులోనే ఖని ఉన్నది. సింగరేణివారి పెద్ద ఓపెన్‌కాస్ట్ గనులు ఇక్కడ ఉన్నాయి. కొండంత లోతు తవ్విన ఆ గనుల్లో విద్యుత్తుతో నడిచే షావెళ్ళు బొగ్గుమీది మట్టిని తోడి డంపర్లలో పోస్తాయి. షావెల్‌కు విద్యుత్తు ఒక లావు కేబులులో వస్తుంది. షావెల్ కదిలినప్పుడు కేబులు కూడా పాములాగా నేలమీద పాకుతుంది. అందులో ఉండేది కొన్ని వేల వోల్టులు.

ఆ కేబులులో పనిచేసే తీగలతోపాటు ఏ పనీ లేనట్టు కనిపించే తీగ ఇంకొకటి ఉంటుంది. అది షావెల్ ఇనప ఒంటిని భూమికి కలుపుతుంది. యంత్రంలో ఎక్కడైనా తీగ తొడుగు చిరిగి ఇనుముకు తగిలిందనుకోండి. భూమికి కలిపే తీగ లేకపోతే షావెల్ ఒళ్ళంతా వేల వోల్టులతో నిండి ఉంటుంది. పైకి ఏమీ తెలియదు. పనివాడు నేలమీద నిలబడి మెట్ల కమ్మీ పట్టుకుంటాడు, విద్యుత్తు అతనిలోగుండా భూమికి పోతుంది, ప్రాణం పోతుంది. భూమికి కలిపే తీగ ఉంటే విద్యుత్తు దాని వెంట పోతుంది. ఆ సంగతి కనిపెట్టి స్విచ్చు తనంతట తానే పడిపోతుంది. ఇదే రెండవ జవాబు: మనిషి ప్రాణానికి కాపు.

ఇటీవల కరీంనగర్‌నుంచి విద్యుత్ బస్సులు కూడా నడుస్తున్నాయి. వాటిలో జడలు చేసే పని ఇదే. ఆ బస్సులను నడిపే పెద్ద బ్యాటరీలో వందల వోల్టులుంటాయి. దాని రెండు తీగల్లో ఏదీ బస్సు ఒంటికి కలపరు. రెండింటినీ నారింజరంగు తొడుగులో విడిగా ఉంచుతారు. కాని మోటారు పెట్టె, బ్యాటరీ పెట్టె, చట్రం — వీటి ఇనుమునంతా జడలతో ఒకటిగా కలుపుతారు. ఎక్కడైనా తొడుగు చిరిగినా, మనిషి ఒక చేత్తో ఒక పెట్టెనూ రెండో చేత్తో ఇంకో పెట్టెనూ పట్టుకుంటే రెంటి మధ్యా వోల్టుల తేడా ఉండదు. తేడా లేనిచోట షాకు లేదు.

గోదావరిమీది వంతెన దాటగానే పాత ఆదిలాబాదు జిల్లా. మొదట మంచిర్యాల. అక్కడినుంచి లక్సెట్టిపేట, జన్నారం మీదుగా రోడ్డు అడవిలోకి పోతుంది. ఇది కవ్వాల్ అడవి. 2012లో పెద్దపులుల అభయారణ్యంగా ప్రకటించారు. టేకుచెట్ల మధ్యనుంచి ఉట్నూరూ ఇంద్రవెల్లీ దాటి, గుడిహత్నూరు దగ్గర పెద్ద రోడ్డెక్కి ఆదిలాబాదు చేరుకుంటాము. వానాకాలంలో ఈ అడవిదారిన తిరిగే బండ్లకు బురదా కుదుపులూ తప్పవు. కుదుపులకు బోల్టు సడలుతుంది, తడికి ఇనుము తుప్పెక్కుతుంది, రాగి పచ్చబారుతుంది. తెలిసిన డ్రైవరు వానాకాలం వెళ్ళగానే బోల్టు విప్పించి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దించి, మళ్ళీ గట్టిగా బిగించమంటాడు.

ఆదిలాబాదు పత్తికి పెట్టింది పేరు. చలికాలంలో మార్కెట్ యార్డులో పత్తి బండ్లు బారులు తీరి ఉంటాయి. తెలంగాణలో చలి ఎక్కువగా ఉండే చోట్లలో ఇది ఒకటి. కొన్ని రాత్రులు 10 డిగ్రీలకన్న కిందికి దిగిపోతుంది. గాలి పొడిగా ఉంటుంది. అటువంటి రాత్రి ఉన్ని దుప్పటి చీకట్లో దులపండి. చిటపటమని చిన్న చిన్న మెరుపులు కనిపిస్తాయి. రాపిడివల్ల పుట్టి, పోవటానికి దారిలేక, ఉన్నచోటనే పేరుకున్న విద్యుత్తు అది. గాలిలో తేమ ఉంటే మెల్లగా జారిపోయేది; పొడిగాలిలో నిలిచిపోతుంది.

దూదిని గింజనుంచి వేరుచేసే జిన్నింగు మిల్లుల్లో పత్తిని గాలితో గొట్టాలగుండా లాగుతారు. పత్తి గొట్టాలకు రాసుకుని ఈ విద్యుత్తు పుట్టిస్తుంది. దూది దగ్గర ఒక్క రవ్వ చాలు! అందుకని గొట్టాల అతుకుల దగ్గర ఒక ముక్కనుంచి ఇంకో ముక్కకు లోహపు పట్టీలు వేసి, చివరకు భూమికి కలుపుతారు.

పెట్రోలు ట్యాంకరు సంగతీ ఇంతే. పెట్రోలు గొట్టంలో పారుతుంటే రాపిడికి విద్యుత్తు పుడుతుంది. బండి రబ్బరు టైర్లమీద ఉన్నది కదా, అది భూమిలోకి త్వరగా దిగలేదు. టైరు రబ్బరులో కలిపే నల్లని కార్బను పొడివల్ల కొంత మెల్లగా దిగుతుంది గాని, అది చాలదు. అందుకే ట్యాంకరులో నింపేముందు, దించేముందు, అన్నిటికన్న మొదట భూమికి కలిపిన తీగ పటకారును ట్యాంకరుకు పట్టిస్తారు. అన్నిటికన్న చివర దాన్ని తీస్తారు. విమానంలో కూడా రెక్కలకూ తోకకూ ఉన్న కదిలే రేకులను ఇటువంటి జడలతోనే ఒంటికి కలుపుతారు. ఇదే మూడవ జవాబు: పేరుకున్న విద్యుత్తును రవ్వ లేకుండా సాగనంపటం.

ఒక సందేహం తీర్చాలి. ఎర్తు అంటే భూమి. బస్సు టైర్లు రబ్బరువి కదా, మరి బస్సులోని ఎర్తు పట్టీ భూమికి ఎలా తగులుతుంది? తగలదు. బస్సుకు తన చట్రమే భూమి. దాని భాగాలన్నీ ఆ చట్రంతో కలిసి ఉంటే చాలు. షావెల్‌కూ ట్యాంకరుకూ మాత్రం నిజమైన భూమితోనే పని.

మీరు ఇంట్లో ఒక పరీక్ష చెయ్యవచ్చు. ఒక టార్చి సెల్లూ, దానికి సరిపడే చిన్న టార్చి బల్బూ, రెండు ముక్కలు తీగా, రంగువేసిన రేకుడబ్బా మూత ఒకటీ తీసుకోండి. సెల్లు పైకొనను ఒక తీగతో బల్బు అడుగుకు కలపండి. రెండో తీగ ఒక కొస సెల్లు కిందికొనకు ఆనించి, ఇంకో కొస మూతమీద పెట్టండి. బల్బు పక్కనున్న లోహాన్ని మూతకు తాకించండి. వెలగదు, రంగు అడ్డం వచ్చింది. రెండు చోట్లా గరుకు కాగితంతో రంగు గీకి మళ్ళీ తాకించండి. వెంటనే వెలుగుతుంది! మెకానిక్కు బోల్టు కింద ఇనుమును ఎందుకు రుద్దుతాడో మీకు చేతికే తెలుస్తుంది. ఈ పరీక్ష టార్చి సెల్లుతోనే చెయ్యాలి. ఇంటి ప్లగ్గుతో చెయ్యనేకూడదు.

తరువాత మీ నాన్నగారి కారో, ఊళ్ళో ట్రాక్టరో ఇంజను ఆపి ఉన్నప్పుడు పెద్దవాళ్ళచేత బానెట్టు ఎత్తించి లోపల వెతకండి. మురికిలో ఎక్కడో రాగి జడ కనిపిస్తుంది. బోల్టు సడలి ఉన్నా, తీగలు తెగి ఉన్నా వాళ్ళకు చెప్పండి. ఒక చిన్న పట్టీ మార్చటం, ఒక బండి కాలిపోవటంకన్న ఎంతో చవక.